అనుభవజ్ఞులు వెనక వరసకు వెళ్లరు

అనుభవం లేనివాళ్లకు ఉద్యోగం ఇవ్వకపోవడం ఈ కాలం మనుషులకు చేసిన మహోపకారం. దాన్ని తిట్టేవాళ్లకు కృతజ్ఞత లేదు!

మీరే ఆలోచించండి. చదువు పూర్తికాగానే ఉద్యోగం ఇచ్చేస్తే ఏమవుతుంది? కుర్రకారు పని చేస్తారు. చేస్తే నేర్చుకుంటారు. నేర్చుకున్నాక, పక్క సీటులో ఇరవై ఏళ్లుగా కూర్చున్న పెద్దమనిషిని ఇదేమిటని అడుగుతారు. ఒక ఆఫీసుకు ఇంతకన్నా ఉపద్రవం ఏముంటుంది? అందుకే ఉద్యోగానికి అనుభవం కావాలి, అనుభవానికి ఉద్యోగం కావాలి అని గుండ్రంగా ఒక గోడ కట్టి, గుమ్మం పెట్టడం మాత్రం మరిచిపోయారు. మరిచిపోయారని మీరు అనుకుంటున్నారు. అది మీ అనుభవలోపం.

ఈ గోడ బాగా ఎత్తుగా ఉండేది అకౌంటింగులో. బుసాన్ ఊళ్లో, యంగ్‌డో దీవి మీద ఉండే ప్యో మిరన్ అనే అమ్మాయి దాని చుట్టూ ఏడాది పైగా తిరిగింది. చివరకు లోపలికి వెళ్లింది, బయటికి వచ్చింది, మళ్లీ వెళ్లింది. ఆమె సంగతి తెలిస్తే గోడ ఎందుకు కట్టారో మీకే అర్థమవుతుంది.

మిరన్ నాలుగోసారి రాసి అకౌంటెంటు పరీక్ష పాసైంది. అప్పటికి ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లు. తల్లి వోల్‌సున్ ముప్పై ఏళ్లుగా హార్బరులో రబ్బరు ఏప్రాను కట్టుకుని, పడవల మీద నుంచి దిగిన చేపలను పెద్దవీ చిన్నవీ ఏరి పెట్టెలకెత్తే మనిషి. ఫలితాలు వచ్చిన రోజున అపార్టుమెంటు సంఘం వాళ్లు గేటు మీద నిలువెత్తు ఫ్లెక్సీ కట్టారు. "మన 104వ బ్లాకు ఆణిముత్యం ప్యో మిరన్ అకౌంటెంటు పరీక్షలో విజయం" అని పసుపుపచ్చ అక్షరాలు. వోల్‌సున్ దాని కింద నిలబడి, వచ్చేపోయే వాళ్లందరికీ అది తన కూతురేనని చెప్పింది. ఆ బ్లాకులో మిరన్ అనే పేరు ఇంకెవరికీ లేదని అందరికీ తెలుసు. అయినా విన్నారు.

పరీక్ష పాసైతే అకౌంటెంటు కారు. ఏదైనా ఆఫీసులో, లైసెన్సు ఉన్న అకౌంటెంటు దగ్గర రెండేళ్లు శిక్షణ పొందాలి. ఆ తర్వాతే సంతకం పెట్టే హక్కు. ఆ ఏడాది పాసైనవాళ్లు ఎక్కువ, కుర్చీలు తక్కువ. మిరన్ నలభై ఒక్క ఆఫీసులకు దరఖాస్తు పెట్టింది. ఆరు చోట్లకు పిలిచారు. ఆరు చోట్లా ఇంచుమించు ఒకే సంభాషణ.

"శిక్షణలో అనుభవం ఉందా అమ్మా?"

"శిక్షణ కోసమే వచ్చానండి."

"అదే ఇబ్బంది. అనుభవం లేనివాళ్లకి శిక్షణ ఇవ్వడం మాకు కష్టం."

ఎంత దయ చూడండి. ఉద్యోగం ఇచ్చి ఏడిపించలేదు, ఇవ్వకుండానే నేర్పారు. తిరుగు ప్రయాణంలో రైలు టిక్కెట్టు డబ్బులు మాత్రం మిరన్‌వే.

ఈలోగా ఫ్లెక్సీ గేటు మీద అలాగే ఉంది. సెప్టెంబరు తుపాను ఒక తాడు తెంపితే, వోల్‌సున్ నిచ్చెన వేసుకుని ఎక్కి వలతాడుతో మళ్లీ కట్టింది. తీసేద్దామమ్మా అని కూతురు బతిమాలింది.

"ఎందుకే తియ్యడం? నువ్వేమైనా దొంగతనం చేసి పాసయ్యావా?"

"అందరూ ఎక్కడ చేస్తున్నావని అడుగుతున్నారమ్మా."

"చేపల దగ్గర చేస్తున్నానని చెప్పు. అబద్ధమా?"

అబద్ధం కాదు. మూడు నెలలుగా మిరన్ తల్లితో పాటు హార్బరుకు వెళ్లి చేపలు ఏరుతోంది. రబ్బరు బూట్ల సంచీ భుజాన వేసుకుని ఆమె గేటు దాటుతుంటే వాచ్‌మన్ లేచి నిలబడి, "అకౌంటెంటు గారూ, ఆఫీసుకాండీ?" అని వంగి నమస్కారం పెట్టేవాడు. వెటకారమని అనుకుందామంటే అతని మొహం పాపం చాలా మంచిది. పైగా రెండుసార్లు తన పన్ను కాగితాలు కూడా చూపించుకున్నాడు.

అక్టోబరులో గుమ్మం ఒకటి దొరికింది. నూడుల్సు హోటలు పైన, రెండో అంతస్తులో ఓక్ దెసిక్ అనే అరవై ఒక్కేళ్ల అకౌంటెంటు ఆఫీసు. ఓక్ గారు దరఖాస్తు తెరవలేదు. ఆమెను పైనుంచి కిందికి చూసి ఒకే ప్రశ్న వేశారు.

"చలికి తట్టుకోగలవా?"

"మా అమ్మతో హార్బరులో పని చేస్తున్నాను సార్."

"సరే, సోమవారం నుంచి రా."

ఇంత తేలిగ్గా ఎలా దొరికిందో ఆమెకు రెండు నెలల తర్వాత గానీ తెలియలేదు. ఆ సోమవారం వోల్‌సున్ బియ్యప్పిండి తొక్‌లు రెండు పళ్లాలు చేయించి ఆఫీసుకు పంపింది. ఆఫీసులో ఉన్నది ఇద్దరు. మిగిలినవి కింద నూడుల్సు హోటలు వాళ్లు తిన్నారు. కూతురికి కొత్త చలికోటు కూడా కొంది. "ఇది ఆఫీసుకే. హార్బరుకి వేసుకొచ్చావో, చూస్కో" అని హెచ్చరించింది.

ఓక్ గారి క్లయింట్లలో పెద్దవాడు బ్యన్ అనే ఆసామి. చేపల వ్యాపారం, దానికి ఒక పెద్ద కోల్డ్ స్టోరేజీ. ఓక్ గారి ఆఫీసు అద్దె సగం ఆయన ఫీజులోంచే వెళ్లేది. ఏడాది చివరి రోజున అక్కడ ఉన్న సరుకు లెక్కపెట్టి, పుస్తకంలో ఉన్నదీ గోదాములో ఉన్నదీ ఒకటేనని చూసి రావాలి. మైనస్ ఇరవై అయిదు డిగ్రీల చలిలో. ఓక్ గారు ఆ పనికి తన కీళ్లను పంపదలచుకోలేదు.

డిసెంబరు ముప్పై ఒకటిన మిరన్ కొత్త కోటు వేసుకుని వెళ్లింది. గోదాము మేనేజరు, తక్ అనే అతను, అల్లం టీ ఫ్లాస్కుతో ఎదురొచ్చాడు. పుస్తకం ప్రకారం లోపల పన్నెండు వందల పెట్టెల స్క్విడ్ ఉండాలి. ఈ మధ్య సముద్రంలో స్క్విడ్ కరువైపోయి ధర ఆకాశంలో ఉంది. పన్నెండు వందల పెట్టెలంటే చిన్న ఆస్తి కాదు.

"ముందు వరస లెక్కపెట్టేసుకోండి" అన్నాడు తక్. "వెనక వరసలూ అంతే. గుణించుకుంటే సరిపోతుంది. అవతల పంది మాంసం పులుసు, అన్నం చెప్పి ఉంచాం."

"వెనక కూడా చూస్తానండి."

"ఎందుకండీ? ఓక్ గారు గుమ్మంలోంచే గుణించేవారు."

అనుభవం అంటే ఇదీ! కానీ మిరన్‌కు ఏడాది తర్వాత దొరికిన మొదటి నిజమైన పని అది. కొత్తగా సైకిలు వచ్చినవాళ్లు వీధి చివరిదాకా తొక్కాలనుకున్నట్టు ఆమె వెనక వరసలదాకా వెళ్లింది. అయిదో వరసలో ఒక పెట్టె మూల చినిగి, అందులోంచి చేప తోక ఒకటి బయటికి చూస్తోంది.

"తక్ గారూ, స్క్విడ్‌కి తోకెక్కడిదండీ?"

"చలికి కళ్లు అలా చేస్తాయండీ. టీ తాగండి."

ఆమె టీ తాగి, పెట్టె విప్పింది. కవళ్లు. చేపల చెరువుల్లో మేతగా వేసే చిన్న కవళ్లు గడ్డకట్టి, ఒకదాని మీద ఒకటి వెండి చెంచాల్లా పడుకుని ఉన్నాయి. ఆమె మొత్తం ముప్పై పెట్టెలు విప్పింది. ముందు రెండు వరసల్లోవి ఆరు స్క్విడ్. వెనకవి ఇరవై నాలుగూ కవళ్లే. వేళ్లు మొద్దుబారి పెన్ను పట్టుకోలేక పిడికిట్లో పట్టుకుని రాసింది. తక్ పులుసు సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఓక్ గారు ఆ కాగితం చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివారు.

"పెట్టె మీద ఏం రాసుంది?"

"స్క్విడ్ అని, సార్."

"నువ్వు లెక్కపెట్టింది?"

"పెట్టెలు."

"మరి పెట్టెలని రాయి. పన్నెండు వందలు. ట్యాలీ అయిపోయింది."

"లోపల కవళ్లున్నాయి సార్."

"లోపల చూడమని ఎవరు చెప్పారమ్మా?" ఆయన గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "నీకు అనుభవం లేదు. ముప్పై ఏళ్లలో నేను నేర్చుకున్నదొకటే, మనం వెతికితే దొరుకుతుంది. అందుకని వెతక్కూడదు. నీకింకా ఎన్నాళ్లుంది శిక్షణ?"

"ఇరవై ఒక్క నెలలు."

"అదీ చూసుకో మరి."

చూసుకోవలసింది ఇంకొకటి కూడా ఉంది. హార్బరులో చేపలేరే ఆడవాళ్లూ, చిన్న పడవల వాళ్లూ కలిసిన సహకార సంఘం ఆ కోల్డ్ స్టోరేజీని సరుకుతో సహా కొనబోతోంది. మార్చిలో మీటింగు. ఆ మీటింగులో చదవబోయేది ఆడిటరు రిపోర్టు. వోల్‌సున్ ఆ సంఘంలో సభ్యురాలు. చేపలు ఏరి ఏరి వేళ్లు వంకరపోయిన వయసులో ఒక గోదాముకు యజమానురాలు కాబోతున్నానన్న సంబరంలో ఉంది. ఆ సాయంత్రం సోయా పులుసు వడ్డిస్తూ అడిగింది.

"ఇవాళ మా గోదాముకి వెళ్లావంట కదే. ఎలా ఉంది?"

"చల్లగా ఉందమ్మా."

"అది కాదే. సరుకు?"

"క్లయింటు సంగతులు ఇంట్లో చెప్పకూడదమ్మా. రూలు."

"అబ్బో. నేనేమన్నా పేపర్లో వేయిస్తానా?" అంటూనే కూతురి కంచంలో ఇంకో గరిట పోసింది. "సర్లే, చెప్పకు. అలాంటి రూళ్లున్న ఉద్యోగమంటే మంచిదే అయ్యుంటుంది."

మిరన్ కంచం తీసి కడుగుతూ ఆలోచించింది. నోరు విప్పితే ఉద్యోగ ధర్మం పోతుంది, విప్పకపోతే అమ్మ డబ్బు కవళ్ల పాలవుతుంది. మిగిలిన దారి ఒకటే, ఆ రిపోర్టులోనే నిజం ఉండేలా చూడటం. మర్నాటి నుంచి ఓక్ గారు మార్చి రాయమన్నప్పుడల్లా, "రాసింది ఉన్నదే కదా సార్" అనేది. ఆయన ఆ మాట విన్నప్పుడల్లా కిటికీలోంచి నూడుల్సు హోటలు బోర్డు చూసేవారు.

జనవరి చివర, చాంద్రమాన కొత్త సంవత్సరం పండుగ ముందు, బ్యన్ స్వయంగా వచ్చాడు. బంగారు రంగు గుడ్డలో చుట్టిన బేరిపళ్ల పెట్టె ఓక్ గారి బల్ల మీద పెట్టి, కుర్చీ మిరన్ వైపు తిప్పుకున్నాడు.

"మిరన్ గారూ, అందరూ గుమ్మం దగ్గర ఆగిపోయిన చోట మీరు అయిదో వరసదాకా వెళ్లారు. పైకొచ్చే లక్షణాలివి. మా కంపెనీలో ఫైనాన్స్ మేనేజరుగా వచ్చెయ్యండి. ఇక్కడికి మూడింతలు ఇస్తాను."

"నాకు అనుభవం లేదండి."

"అక్కర్లేదు."

పాఠకులు ఈ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. నలభై ఒక్క ఆఫీసులు తిప్పి పంపిన మనిషికి, అనుభవం అక్కర్లేదని మొదటిసారి అన్న పుణ్యాత్ముడు ఈయన. మిరన్ ఆలోచించుకుంటానని బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుంది. ఫైనాన్స్ మేనేజరంటే గేటు మీది ఫ్లెక్సీ నిజమవుతుంది. వాచ్‌మన్ నమస్కారానికి తలెత్తి బదులివ్వచ్చు. అమ్మను హార్బరు మానిపించచ్చు. సరేననడానికే లేచింది. రెండు మెట్లెక్కి, ఏ డబ్బుతో మానిపిస్తానో లెక్క వేసుకుంది. అకౌంటెంటు కదా, అలవాటు. అది అమ్మ డబ్బే అని తేలింది.

లోపలికి వెళ్లి అడిగింది. "సార్, నేను మీ మేనేజరయ్యాక ఏ వరస చూసుకోవాలి?"

"మొదటి వరస" అని బ్యన్ నవ్వాడు.

"అయితే మీకు అనుభవం ఉన్నవాళ్లే కావాలండి."

బ్యన్ వెళ్లిపోయాడు. బేరిపళ్లు కూడా తీసుకెళ్లాడు.

వారం తిరగకుండా ఓక్ గారికి నడుం పట్టేసింది. సంతకం పెట్టవలసిన వారంలో పట్టేసింది కాబట్టి ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆరోగ్య కారణాల వల్ల ఈ ఆడిట్ నుంచి తప్పుకుంటున్నానని ఉత్తరం రాసి, సూదుల వైద్యుడి దగ్గర చేరారు. మిరన్ చూడబోతే వీపు నిండా సూదులతో బోర్లా పడుకుని ఉన్నారు.

"నీ కాగితం చింపలేదమ్మా, ఫైల్లోనే ఉంచాను" అన్నారు, మొహం తలగడలో పెట్టుకునే. "అబద్ధం మీద సంతకమూ పెట్టలేదు. నా వయసుకి ఇంతకన్నా వ్యాయామం చెయ్యలేను. ఆఫీసు మాత్రం మూసెయ్యాలి. అద్దె కట్టలేను."

మిరన్ శిక్షణ అయిదో నెలలో ఆగిపోయింది. రబ్బరు బూట్ల సంచీ మళ్లీ భుజానికెక్కింది.

బ్యన్‌కు కొత్త ఆడిటరు దొరకడానికి నాలుగు రోజులు పట్టింది. మో చాంగ్‌సు గారు. ఇరవై రెండేళ్ల అనుభవం. పదకొండు గంటలకు కోల్డ్ స్టోరేజీ గుమ్మం దగ్గర కారు దిగి, పన్నెండింటికల్లా పులుసు ముందు కూర్చున్నారు. రిపోర్టు నీలిరంగు అట్టతో, చూడ్డానికి ముచ్చటగా వచ్చింది. స్క్విడ్, పన్నెండు వందల పెట్టెలు.

మీటింగు ఇంకా మూడు రోజులుందనగా ఎండ కాసింది. వోల్‌సున్ చలిబట్టలు ఉతికి దాచేద్దామని వరండాలో కూర్చుంది. కూతురి కోటు చేతుల మడతలు తిప్పుతూ ఆగిపోయింది.

"ఏమే, ఇది హార్బరుకి వేసుకొచ్చావా?"

"లేదమ్మా. నువ్వే వద్దన్నావు కదా."

"నిజం చెప్పు. చేపల్లో ఎక్కడికేసుకెళ్లావు?"

"ఆ ఒక్కరోజే. గోదాముకి."

వోల్‌సున్ బొటనవేలి గోరు మీద ఏదో పెట్టుకుని ఎండకు ఎత్తి చూసింది. చిన్న వెండి పొలుసు. మడతలో ఇంకా పదో పన్నెండో ఉన్నాయి.

"కవళ్ల పొలుసు" అంది. ఇంకొకటి గోటికెక్కించి, "స్క్విడ్‌కి పొలుసులుండవు" అంది.

మిరన్ గోడవైపు చూస్తోంది. ఆమె మెడ ఎర్రబడటం తల్లికి కనపడింది.

"నేనేమీ అడగలేదు" అంది వోల్‌సున్, కోటు బకెట్లో ముంచుతూ. "నువ్వేమీ చెప్పలేదు. నీ రూలు నీ దగ్గరే ఉంది. లోపలికెళ్లి అన్నం తిను."

మీటింగు రోజున సంఘం ఆడవాళ్లు ముప్పై మంది, హాలుకు పోకుండా నేరుగా కోల్డ్ స్టోరేజీకి వచ్చారు. ఏప్రాన్లు కట్టుకుని, పెట్టెలు లాగే ఇనుప కొక్కేలు పట్టుకుని. బ్యన్ నీలి అట్ట రిపోర్టు తీసుకుని ఎదురొచ్చాడు.

"అమ్మా, మీరు కష్టపడక్కర్లేదు. ఇరవై రెండేళ్ల అనుభవమున్న ఆడిటరు గారు చూసి రాసిచ్చారు."

"దాన్ని మీరు పట్టుకోండి బాబూ" అంది వోల్‌సున్. "పెట్టెలు మేం పట్టుకుంటాం."

"అన్నీ ఎందుకు, ముందు వరస..."

"ముందు వరస ఆయన చూశాడుగా. పాపం, వెనక వరస ఎవరూ చూడక బెంగపెట్టుకుని ఉంటుంది."

తక్ ఎవరూ చెప్పకుండానే ఫోర్క్‌లిఫ్టు తాళాలు తెచ్చి ఇచ్చాడు. గంటన్నరలో పెట్టెలన్నీ బయటికొచ్చాయి. ఎండలో కవళ్లు కరుగుతుంటే ఆ వీధి పిల్లులకు ఇప్పటికీ మరపురాని రోజది. బేరం తప్పిపోయింది. తర్వాత బ్యాంకు వాళ్లు వచ్చారు, వాళ్ల వెనక ఇంకెవరెవరో వచ్చారు, బ్యన్ చాలాకాలం ఊళ్లో కనపడలేదు.

మిరన్ మాత్రం జూన్ దాకా చేపలు ఏరింది. నిజం బయటపడింది కాబట్టి మర్నాడే ఎవరో పిలిచి కుర్చీ వేశారని మీరు అనుకుంటే, మీ అనుభవం గురించి మళ్లీ మాట్లాడుకోవాలి. జూన్‌లో సంఘం వాళ్లు వేరే చోట చిన్న గోదాము కొన్నారు. దానికి ఆడిటరు కావాలి. వోల్‌సున్ నలుగురిని వెంటబెట్టుకుని ఓక్ గారి ఇంటికి వెళ్లింది.

"ఆఫీసు తెరవండి, మా పని మీకిస్తాం. రెండు షరతులు. మా పిల్ల మీ దగ్గరే పనిచేస్తుంది. స్టాకు చూసే రోజున మీరు కూడా లోపలికి రావాలి."

"నా నడుం..."

"పట్టీ మేం తెస్తాం."

ఓక్ గారు నవ్వారు. స్టాకు చూసే రోజున, పదకొండేళ్లలో మొదటిసారి కోల్డ్ స్టోరేజీలో చివరి వరసదాకా నడిచి, నీలం పెదవులతో బయటికి వచ్చి, "లోపల విశాలంగానే ఉంది" అన్నారు. మిరన్ రాసిన కాగితం అడిగి తీసుకుని, దాని కింద సంతకం పెట్టారు. ఆ సంతకం ఆమెకు చాలనిపించింది.

మొన్న శిక్షణలో ఉన్నవాళ్లందరికీ రెండు రోజుల తరగతి పెట్టారు. హాజరు కాకపోతే ఆ ఏడాది శిక్షణ లెక్కలోకి రాదు. మిరన్ తొలి రైలెక్కి వెళ్లి హాల్లో కూర్చుంది. నూట యాభై మంది. మొదటి రోజు పాఠం, సరుకు తనిఖీలో మెలకువలు. బోధకులు, ఇరవై మూడేళ్ల అనుభవం గల మో చాంగ్‌సు గారు.

ఆయన చాలా బాగా చెప్పారు. బొమ్మలు కూడా వేసి చూపించారు. చివర్లో, ఈ వృత్తిలో పుస్తకాలు నేర్పనిది కళ్లు నేర్పుతాయి అన్నారు. సందేహాలున్నాయా అని అడిగారు. మిరన్ చెయ్యెత్తింది.

"సార్, వెనక వరసలు ఎలా చూడాలండి?"

"చాలా మంచి ప్రశ్న" అన్నారు మో గారు. "కాఫీ తర్వాత మాట్లాడుకుందాం."

కాఫీ తర్వాత ఆయనకు రైలు టైమైంది. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. మిరన్ కూడా కొట్టింది, అందరికంటే కాస్త ఎక్కువసేపే. హాజరు పట్టీ మీద సంతకాలు చప్పట్లయ్యాకే తీసుకుంటారు.